ప్రాజెక్టు పనికి పూర్వపక్షం



మా ఇందూరు జిల్లాలో ‘ప్రాజెక్టు’ అనే మాటకు తరతరాలుగా ఒకటే అర్థం. అది ఆనకట్ట. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మా పెద్దల నాటి ప్రాజెక్టు. గోదావరి మీద పోచంపాడు దగ్గర 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ మా నాటి ప్రాజెక్టు. మోర్తాడ్ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా “ప్రాజెక్టు నిండిందట” అంటే, ఏ ప్రాజెక్టు అని ఎదురడిగేవాడు ఉండడు. అందువల్ల, కొత్త తెలుగు వాచకంలో పాఠం చివరనున్న ‘ప్రాజెక్టు పని’ అన్న శీర్షికను నేను మొదటిసారి తరగతిలో చదివి వినిపించినప్పుడు, వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి “సార్, బస్సు మాట్లాడుతరా, నడ్సుకుంట పోదామా?” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిదానంగా ఆలోచిస్తే మాత్రం వాడు అడిగినదే న్యాయమైన ప్రశ్న అనిపించింది. ప్రాజెక్టు అంటే బడి గడప దాటి ఎక్కడికో పోవడమే కదా!

ముప్పై ఏళ్ళకు పైగా జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడుగా పనిచేసి 2016లో విరమించినవాడిని. పిల్లలచేత అడిగించడం, వెదికించడం, చెప్పించడం, తర్కించజేయడం అనే ఈ విద్య మన నేల మీద ఏయే దారుల్లో నడిచిందో నాకు తెలిసినంత మేరకు చెప్పి, చివర నేను చేసిన ఒక అపరాధాన్ని కూడా చెప్పుకుందామని ఈ టపా. చరిత్ర విసుగనిపించినవారు ముందు భాగం దాటవేయవచ్చును గాని, అది లేక ఇది బోధపడదు.

మొదట పేరు సంగతి. 1896లో జాన్ డ్యూయీ షికాగోలో ఒక ప్రయోగ పాఠశాల తెరిచాడు. అక్కడి పిల్లలు వంట చేస్తూ, వడ్రంగం చేస్తూ, నూలు వడుకుతూ లెక్కలూ చరిత్రా నేర్చుకొన్నారు. ఆయన భావాలను అనుసరించిన విలియం హెర్డ్ కిల్పాట్రిక్ 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ అన్న వ్యాసం వెలువరించాడు. పిల్లవాడు మనస్ఫూర్తిగా, ఒక ప్రయోజనం కోరి, నలుగురి నడుమ చేసే పనియే చదువు అని ఆయన మాటల సారాంశం. ఇది మన దేశానికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. పంజాబులోని మోగా అనే ఊళ్ళో పల్లెటూరి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే క్రైస్తవ మిషన్ పాఠశాలలో 1920వ దశకంలోనే విలియం మెక్కీ దీనిని అమలు చేశాడు.

మా పండిత శిక్షణలో ఈ కథంతా ‘ప్రకల్పనా పద్ధతి’ అన్న పేరుతో ఒక ప్రశ్న. పరిస్థితి కల్పించుట, ఎన్నిక, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం, నమోదు అని ఆరు సోపానాలు. ఆరింటినీ వరుస తప్పకుండా కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి వచ్చాము. ఎవ్వరమూ ఒక్క ప్రాజెక్టయినా చేయలేదు. కంఠస్థం కూడదని చెప్పే పద్ధతిని కంఠస్థం చేసి ఉత్తీర్ణులమైన ఘనత మాది.

అయితే అదే రోజుల్లో, ఆ పేరు లేకుండానే, మాకు మరొక విద్య అబ్బింది. సంస్కృత శ్లోకానికి అన్వయం చెప్పే పద్ధతులు రెండని ప్రాచ్య విద్య చదివిన మిత్రులకు తెలుసు. దండాన్వయంలో పదాలను కర్త మొదలుకొని క్రియ వరకు వరుసలో పేర్చుకొంటూ పోతాము. ఖండాన్వయం అట్లా కాదు. ముందుగా క్రియను పట్టుకోవాలి. పట్టుకొని ప్రశ్నలు వేయాలి. ‘వెళ్ళెను’ అన్నది క్రియ అనుకొందాం. ఎవరు వెళ్ళెను? రాముడు. ఎట్టి రాముడు? ఎక్కడికి? ఎవరితో? ఎవరి ఆజ్ఞచేత? ఒక్కొక్క ప్రశ్నకు శ్లోకంలోని ఒక్కొక్క పదం లేచి సమాధానమై నిలుస్తుంది. ఈ అపేక్షకే ఆకాంక్ష అని శాస్త్రంలో పేరు. మా గురువుగారు నల్లబల్ల మీద ఏమీ వ్రాసేవారు కారు. కళ్ళు మూసుకొని క్రియ చెప్పి, “అడగండి” అనేవారు. అడగడం మా పని. సరియైన ప్రశ్న వేసినవాడికే ఆయన తల ఊపేవారు.

పూర్వపక్షం సంగతి అంతకంటె పెద్దది. ఒక సిద్ధాంతాన్ని స్థాపించదలచినవాడు ముందు ఎదుటివాడి వాదాన్ని, వాడు చెప్పదగినంత బలంగా, తానే చెప్పాలి. చెప్పిన తరువాతనే ఖండించాలి. సత్యం తెలుసుకొనడానికి చేసేది వాదమనీ, గెలుపు కోసం చేసేది జల్పమనీ, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా చేసేది వితండమనీ న్యాయశాస్త్రం విభజించింది. ఈనాడు ‘విమర్శనాత్మక ఆలోచన’ అని శిక్షణా తరగతుల్లో బోధిస్తున్నదానికి ఇంతకంటె మంచి పరిభాష నాకు కనబడలేదు. టీవీ చర్చలు చూచే మిత్రులు ఈ మూడింటిలో ఏది ఎక్కడ జరుగుతున్నదో తామే నిర్ణయించుకోగలరు.

ఇక్కడ నేను ఆగిపోతే స్వోత్కర్ష అవుతుంది. ఆ విద్యకు రెండు కొరతలున్నాయి. ఖండాన్వయంలో వేసే ప్రతి ప్రశ్నకూ సమాధానం శ్లోకంలోనే ఉంటుంది, గురువుకు ముందే తెలుసు. శ్లోకం దాటి వీధిలోకి వెళ్ళే ప్రశ్న అందులో లేదు. రెండవది, ఆ తరగతిలో కూర్చునే అర్హత ఊరిలో ఎందరికి ఉండేది? నా ముందు కూర్చున్న బీడీ కార్మికుల పిల్లలూ రైతుల పిల్లలూ మూడు తరాల క్రితం ఆ గడప ఎక్కగలిగేవారు కారు. కనుక మన దగ్గర అన్నీ ఉన్నవనడం సగం నిజమే.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. కిల్పాట్రిక్ వ్యాసం వెలువడిన ఏడూ అదే కావడం కేవలం కాకతాళీయం. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం ఆనాటికి గొప్ప సాహసమే. కాని ఆ దేశభాష ఉర్దూ అయింది. తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు పై తరగతులకు పోయినకొద్దీ తన భాషను ఇంట విడిచి పోవలసి వచ్చేది. తనకు రాని భాషలో ప్రశ్న అడగడం ఎవరి తరం? సమాధానాలు వప్పజెప్పవచ్చును గాని ప్రశ్నించాలంటే సొంత భాష కావాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో విద్య కావాలని కోరడం వెనుక ఉన్న బాధ ఇదే. ఆ మహాసభ ఆరవ సమావేశం 1937లో మా నిజామాబాదులోనే, మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగింది. అదే 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీజీ విద్యా సమావేశం జరిగి, చేతిపని కేంద్రంగా చదువు చెప్పే పథకం రూపొందించడానికి జాకిర్ హుసేన్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. ఆ జాకిర్ హుసేన్ పుట్టింది హైదరాబాదులో, 1897లో. బోధనులో చక్కెర కర్మాగారం వెలసింది కూడా ఆ 1937వ సంవత్సరంలోనే. ఒకే ఏట ఇన్ని మలుపులు!

ఆ కాలంలోనే మన నేల మీద జరిగిన ఒక కార్యాన్ని నేను తెలుగువారి మొదటి పెద్ద ప్రాజెక్టు పనిగా భావిస్తాను. బడిలో జరిగినది కాదు, అయినా ప్రతి తరగతిలో చెప్పదగినది. తెలంగాణంలో కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. ఆ మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు ఏమి చేశారు? కోపించి ఊరుకోలేదు. తిట్టుతూ వ్యాసం వ్రాసి తృప్తిపడలేదు. కవులు లేరన్నది ఒక ప్రతిపాదన, దానిని పరీక్షించవచ్చును. తమ గోలకొండ పత్రిక ద్వారా పిలుపునిచ్చి, ఊరూరి నుండి పద్యాలను తెప్పించి, పేర్లతో ఊళ్ళతో సహా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అందులో 354 మంది కవులు. పూర్వపక్షానికి ఆయన చెప్పిన సమాధానం విశేషణాలతో లేదు, లెక్కతో ఉంది. ప్రశ్న, సాక్ష్యసేకరణ, కూర్పు, ప్రకటన. మేము కంఠస్థం చేసిన ఆరు సోపానాలూ అందులో ఉన్నాయి. ఆ పద్యాలన్నీ గొప్పవని ఎవరూ అనరు. గొప్పవి కావలసిన అవసరమూ లేదు. ఉన్నారా లేరా అన్నదే ప్రశ్న.

రెండవ ఉదాహరణ భద్రిరాజు కృష్ణమూర్తిగారిది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన ఆయన సంపాదకత్వంలో ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం 1962లో వెలువడింది. అది వ్యవసాయ పదాల కోశం. తరువాత 1971లో చేనేత సంపుటం వచ్చింది. జిల్లా జిల్లాకూ మనుషులు వెళ్ళి, రైతుల ముందు కూర్చుని, నాగలిలోని ఈ భాగాన్ని మీరేమంటారు, ఈ పనిని ఏమంటారు అని అడిగి, విన్నది విన్నట్టు వ్రాసుకొన్నారు. పండితుడు రైతు దగ్గరకు విద్యార్థిగా వెళ్ళిన సందర్భం అది. ‘విన్నది విన్నట్టు’ అన్న ఈ రెండు మాటలను దయచేసి జ్ఞాపకముంచుకోండి. చివర వీటితో పని ఉంది.

అంతకు ముందు గిడుగు రామమూర్తి పంతులుగారు చేసినదీ ఇదే జాతి పని. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల నోట విని సవర భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పూనుకొన్నారు. ఆ కాలపు పండితులు ఎక్కువమంది ఆయనకు ఎదురు నిలిచినవారే. నా వృత్తి పూర్వికులు వారు. ఆ రక్తం నాలోనూ ఉన్నదని తరువాత తెలిసింది.

ప్రభుత్వ బడుల సంగతికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయుల వాడుకలో ‘అప్పెప్’, బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతటా విస్తరించి, 1996 వరకు నడిచింది. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడే బోధన కృత్యాలను తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని జరగాలి, పిల్లల మధ్య ఉండే తేడాలను గమనించాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినదానిని తరగతి గోడ మీద ప్రదర్శించాలి. నేను ఉన్నత పాఠశాలవాడిని కనుక నాకు ఆ శిక్షణ లేదు. ప్రాథమిక పాఠశాలల మిత్రులు వెళ్ళి వచ్చి, “రంగుకాగితాలు కత్తిరించి వచ్చినం” అని నవ్వేవారు. నవ్విన చాలామందిలో ఒకరిద్దరు మాత్రం మారిపోయారు. అట్లా మారిన ఒక ఉపాధ్యాయుని చేతి కింద చదివిన పిల్లలు ఆరవ తరగతిలో నా దగ్గరకు వచ్చినప్పుడు వెంటనే ఆనవాలు పట్టేవాడిని. వాళ్ళు చేతులు కట్టుకొని కూర్చోరు. “ఎందుకు సార్?” అంటారు. ఆ పిల్లలంటే మా స్టాఫ్ రూములో ఎక్కువమందికి పడేది కాదు. నాకూ మొదట్లో పడలేదు.

ఆ పైన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం వరుసగా వచ్చాయి. వాటి ఆధారంగా కొత్త వాచకాలు వచ్చాయి. పాఠం చివర ‘అవగాహన – ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’, ‘భాషాంశాలు’, ఆపైన ‘ప్రాజెక్టు పని’. వాచకం కూర్చినవారి శ్రద్ధను నేను తక్కువ చేయను. ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవడం, సేకరించడం, నివేదిక వ్రాసి తరగతిలో ప్రదర్శించడం వంటి పనులు తెలుగు వాచకంలో చోటు చేసుకోవడమే పెద్ద సంగతి.

దానిని చంపినవి మార్కులు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో తరగతి భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు అంగాలు. ఏడాదికి నాలుగు మూల్యాంకనాలు. పదవ తరగతికి ఆరు సబ్జెక్టులు. ఆరు నాలుగులు ఇరవైనాలుగు. ఒక్క పిల్లవాడు ఒక్క ఏడాదిలో ఇరవైనాలుగు ప్రాజెక్టులు చేయాలి! సురవరంవారు ఒక్కదానికి ఎంత శ్రమించారో తలచుకోండి. ఫలితం మీరు ఊహించగలరు. ఎక్కడ చూచినా జిరాక్సు దుకాణాల్లో సిద్ధమైన ప్రాజెక్టులు అమ్మకానికి వచ్చాయి. అట్టకు రంగుకాగితం, పైన మెరుపు అక్షరాలు, లోపల అందరిదీ ఒకటే వ్యాసం. ఒకసారి ఇద్దరు పిల్లలు తెచ్చిన నివేదికల్లో మూడవ పిల్లవాడి పేరు ఉంది. నేనూ వాటికి మార్కులు వేశాను. వేయకపోతే పిల్లవాడి 20 అంతర్గత మార్కులకు కోత పడుతుంది. 2014–15 నుండి పదవ తరగతిలో 80 మార్కులకు పరీక్ష, 20 మార్కులు బడిలోనే. తెలంగాణలో ఈ 20 మార్కులను తీసివేయాలని 2024 నవంబరులో నిర్ణయం వెలువడి, మరునాడే ఆ ఏటికి వర్తించదని సవరణ వచ్చినప్పుడు, ఉంచాలా తీసివేయాలా అని వాదులాడిన నా పూర్వ సహోద్యోగుల్లో ఎవరూ ప్రాజెక్టు వల్ల పిల్లవాడు ఏమి నేర్చాడని మాట్లాడలేదు. అది నన్ను బాధించింది గాని ఆశ్చర్యపరచలేదు.

ఇక నా కథ. 2014–15లో నాకు తొమ్మిదవ తరగతి ఉండేది. ఇరవైనాలుగులో నా వంతు నాలుగు. ఆ నాలుగింటికీ కలిపి ఒక్కటే చేయిద్దామని తలచాను. పేర్లు వేరు వేరుగా రిజిస్టరులో వ్రాసుకోవచ్చును. అంశం ఏమిటన్నప్పుడు, బస్సు మాట్లాడుతరా అన్న కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. సరే, ప్రాజెక్టు మీదనే ప్రాజెక్టు. ‘కాలువ నీళ్ళు మా ఊరికి ఎప్పుడు వచ్చాయి?’ ఇదొక్కటే ప్రశ్న. జవాబు నాకు తెలియదు. ఆ సంగతి పిల్లలకు చెప్పాను. సారుకు తెలియని ప్రశ్న అనగానే తరగతి నిటారుగా కూర్చుంది.

మొదటి వారం అంతా వైఫల్యమే. ఇంటికి వెళ్ళి “నీళ్ళు లేనప్పుడు కష్టమైందా?” అని అడిగారు. “అయింది” అన్నారు పెద్దలు. నోటుబుక్కులో ‘కష్టమైంది’ అని వ్రాసుకొని వచ్చారు. ముప్పై మందికి పైగా పిల్లలు, ముప్పై పైచిలుకు ‘కష్టమైంది’లు. అవునని గాని కాదని గాని ముగిసిపోయే ప్రశ్న వేస్తే మనిషి నోరు తెరవడని వాళ్ళకు ఎట్లా చెప్పాలా అని చూస్తుండగా ఖండాన్వయం స్ఫురించింది. నల్లబల్ల మీద ‘వచ్చెను’ అని క్రియ ఒక్కటే వ్రాసి, మా గురువుగారి వలెనే “అడగండి” అన్నాను. ఏమి వచ్చెను? ఎక్కడికి వచ్చెను? ఎవరి పొలానికి? ఎవరు చూచిరి? అంతకుముందు అక్కడేమి ఉండెను? ఎవరు రాలేదనిరి? తొమ్మిదవ తరగతి పిల్లలు అరగంటలో బల్ల నింపేశారు. కాళిదాసుకు వాడిన పనిముట్టు కాలువకూ పనికివచ్చింది. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం కలిగిన పూటలు తక్కువ.

రెండవసారి వచ్చిన జవాబులు పేజీలకు పేజీలు. మా వైపు చాలా ఇళ్ళల్లో తండ్రులు గల్ఫులో ఉంటారు కనుక పిల్లలు అడగగలిగినది తాతలనూ నాయనమ్మలనే. ఒకడు మాత్రం దుబాయికి ఫోను చేసి అడిగి, “నాకెర్క లేదు, తాతనడుగు” అన్న జవాబును కూడా నిజాయితీగా వ్రాసుకొచ్చాడు. చిక్కు ఏమిటంటే ఒకే ఊరివాళ్ళు మూడు నాలుగు వేరు వేరు కాలాలు చెప్పారు. పెద్దలు సంవత్సరం అంకె చెప్పరు. ‘మీ పెద్దత్త పెండ్లయిన యేడు’, ‘ఇందిరమ్మను సంపినంక’, ‘ఎన్టీ రామారావు గెల్సినప్పుడు’ అంటారు. పిల్లలు గోడ మీద పెద్ద కాగితం అంటించి, తెలిసిన ఏడులను నిలువుగా వ్రాసి, 1983లో రామారావు, 1984లో ఇందిర అని గుర్తులు పెట్టి, పెళ్ళిళ్ళనూ పుట్టుకలనూ వాటి మధ్య అమర్చారు. అయినా జవాబులు కలవలేదు. ఎవరి తాత అబద్ధమాడుతున్నాడన్న దాకా వచ్చింది. ఇద్దరు మిత్రులు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఆ ముడి విప్పినది పెద్దగా మాట్లాడని ఒక అమ్మాయి. ఎవరెవరి పొలం ఎక్కడుందో అడిగి ఆ కాగితం మీద వ్రాసింది. ముందు వచ్చాయన్నవారి పొలాలు కాలువ మొదట్లో ఉన్నాయి. తరువాత వచ్చాయన్నవారివి చివర్లో. రానేలేదన్న ఒక ముసలాయనది మిట్ట. అందరూ చెప్పింది నిజమే. ప్రశ్న తప్పు. ‘మా ఊరికి ఎప్పుడు వచ్చాయి’ అని నేను వేసిన ప్రశ్నలోనే ఊరంతా ఒకటన్న భ్రమ ఉంది. ఆ అమ్మాయి నా ముందు నిలిచి ఆ మాట అనలేక, “సార్, ‘మా ఊరికి’ అని కొట్టేసి ‘ఎవరికి’ అని రాయాలె గదా” అంది. గురువుకు తెలిసిన సమాధానం కోసం వేసే ప్రశ్నల్లో ఇటువంటిది ఎన్నడూ జరగదు.

ఇక్కడితో ముగిస్తే నేను మంచి ఉపాధ్యాయుడిగా మిగిలిపోయేవాడిని.

సంవత్సరాంతంలో ఆ పెద్దలను బడికి పిలిచి, వాళ్ళు చెప్పినవి వాళ్ళ ముందే చదివించాలని అనుకొన్నాము. చదవడానికి ముందు శుద్ధప్రతి కావాలి. పిల్లలు తెచ్చిన నోటుబుక్కులన్నీ ఇంటికి తీసుకువెళ్ళి, ఎర్ర సిరాతో దిద్దాను. ముప్పై ఏళ్ళ అలవాటు. ఎక్కడ ‘అచ్చినయ్’ కనబడితే అక్కడ ‘వచ్చినవి’ అయింది. ‘గట్ల’ అన్నది ‘ఆ విధముగా’ అయింది. పెద్దలు వస్తారు, గౌరవంగా ఉండాలి, మా పిల్లలకు మంచి తెలుగు వచ్చునని వాళ్ళకు తెలియాలి అన్నది నా తలంపు. పిల్లలు దిద్దినదానిని అందంగా తిరగవ్రాసి, పాతవి పారవేశారు. పారవేయమన్నది నేనే.

ఆ రోజు పొలాల లెక్క తేల్చిన అమ్మాయి లేచి తన నాయనమ్మ చెప్పినది చదివింది. మా వైపు బాపమ్మ అంటారు. బీడీలు చుట్టి కుటుంబాన్ని నిలబెట్టిన మనిషి, ముందు వరుసలో కూర్చుని ఉంది. “జలములు వచ్చినవని విని, సర్వము విడిచి పరుగెత్తితిమి” అని మనవరాలు స్పష్టంగా, తడబడకుండా చదివింది. ముసలమ్మ కాసేపు విని, పక్కనున్నామెను అడిగింది.

“గీ మాట చెప్పింది ఎవలే?”

“నువ్వేనటనే.”

“నేను గాదు. నాకు గీ మాటలు రావు.”

ఎవరో నవ్వారు. అమ్మాయి నా వైపు చూచింది. దిద్దినది నేను, నిలబడినది తాను. ఆ చూపులో నింద లేదు, ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రమే ఉంది. నేను లేచి, పొరపాటు నాదని చెప్పి, “నీకు గుర్తున్నట్టు చెప్పు” అన్నాను. అప్పుడు ఆ పిల్ల కాగితం మడిచి, తల వంచుకొని, “నీళ్ళచ్చినయంటే ఇడ్సినకాడికి ఇడ్సి ఉర్కినం” అంది. ముసలమ్మ “ఆఁ!” అన్నది. అంతవరకు గోడకు ఆనుకొని ఉన్న తక్కిన పెద్దలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. తరువాతి గంట ఏ కాగితంలోనూ లేనిది.

మాండలిక వృత్తిపదకోశం గురించి తరగతిలో గొప్పగా చెప్పినవాడిని నేను. విన్నది విన్నట్టు వ్రాయడమే దాని విలువ అని చెప్పినవాడినీ నేనే. గిడుగువారి జయంతి నాడు ఏటా ఉపన్యసించినవాడినీ నేనే. ఎర్ర సిరా చేతిలోకి రాగానే ఇవేవీ జ్ఞాపకం రాలేదు.

తరువాత పిల్లలచేత గుర్తున్నంత మేరకు మళ్ళీ వ్రాయించాను. చాలా వరకు దొరికింది. కొన్ని దొరకలేదు. ఆ ముసలమ్మ మాటల్లో ఒకచోట నా శుద్ధప్రతి ‘జలద్వారము’ అంటున్నది. ఆమె ఆ మాట అని ఉండదు. తూము అన్నదా అంటే, తూము అయితే నేను దిద్దేవాడిని కాను, అది నాకు తెలిసిన మాటే. అంటే నాకు తెలియని మాట ఏదో అక్కడ ఉండి ఉండాలి. అమ్మాయిని అడిగాను. “యాదికి లేదు సార్, బాపమ్మనడిగి చెప్త” అంది. వేసవి సెలవులు వచ్చాయి. సెలవుల్లోనే ఆమె పోయింది.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ మధ్య దానిని యూనికోడులోకి ఎక్కిస్తున్నాను. ‘జలద్వారము’ అన్నచోట ఆ మాట తీసివేసి ఖాళీ వదిలాను. శ్రీరాంసాగర్ కాలువల కింది ఊళ్ళ మిత్రులెవరైనా తమ ఇంటి పెద్దలను అడిగి, పెద్ద కాలువ నుండి పొలం కాలువకు నీరు విడిచే ఆ చోటును వారేమంటారో, వారు అన్నది అన్నట్టు, వ్యాఖ్యలో వ్రాయగలరు.